ధ్రువపు మంచుకు కొలబద్ద

ఏటా సెప్టెంబరు మూడో వారం వచ్చేసరికి పేపర్లో ఒక చిన్న వార్త కనిపిస్తుంది: ఆర్కిటిక్ సముద్రంలో మంచు ఈసారి ఇన్ని లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గిందని. 2012లో ఆ అంకె 34 లక్షలు. 2025లో 46 లక్షలు. 1980 ప్రాంతంలో అదే రోజులకు 70 లక్షలకు కాస్త అటూ ఇటూగా ఉండేది. చదివి, అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాం. ఇంతకీ దాన్ని కొలిచిందెవరు, ఎలా కొలిచారు అన్న ప్రశ్న మాత్రం చాలామందికి రాదు. వస్తే జవాబు అంత సులువుగా దొరకదు.

ఆ మంచు నేల మీద లేదు. కొన్నిచోట్ల నాలుగు కిలోమీటర్ల లోతున్న సముద్రం మీద తేలుతోంది. గాలి ఎటు తోస్తే అటు జరుగుతుంది, పగులుతుంది, ఒక పలక మీదికి మరో పలక ఎక్కి గుట్టలు పడుతుంది. దానికి సర్వే రాళ్లు లేవు. పైనుంచి ఫొటో తీద్దామంటే ధ్రువం దగ్గర దాదాపు ఆరు నెలలు సూర్యుడే కనిపించడు. ఎండ వచ్చే కాలంలోనేమో ఆకాశం మబ్బులతో మూసుకుపోయి ఉంటుంది. పైనుంచి చూస్తే మబ్బూ తెల్లనే, మంచూ తెల్లనే. 1960ల్లో మొదటి వాతావరణ ఉపగ్రహాలు పంపిన చిత్రాలతో శాస్త్రవేత్తలకు ఎదురైన చిక్కు ఇదే.

వేడిగా కనిపించే మంచు

ఈ చిక్కును విప్పినవి మైక్రోవేవ్ తరంగాలు. ప్రతి వస్తువూ తనలోని వేడిని బట్టి కంటికి కనిపించని కిరణాలను ఎంతో కొంత వెదజల్లుతూనే ఉంటుంది. అందులో కొంత భాగం ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున్న మైక్రోవేవ్‌లుగా బయటికి వస్తుంది. మబ్బుల్లోని సన్నటి నీటి తుంపరలు ఈ తరంగాలను పెద్దగా అడ్డుకోవు. ఇవి వస్తువులోంచే పుడతాయి కాబట్టి పగలా రాత్రా అన్న తేడా కూడా లేదు.

అసలు వింత ఇక్కడుంది. సున్నాకు ఇరవై డిగ్రీలు తక్కువ చలిలో గడ్డకట్టి ఉన్న మంచు, పక్కనే తనకంటే వెచ్చగా ఉన్న సముద్రపు నీటికన్నా, మైక్రోవేవ్‌లను కొలిచే ఉపగ్రహ సెన్సర్లకు చాలా వేడిగా కనిపిస్తుంది. వంటింట్లో రెండు గిన్నెల్లో మరిగే నీళ్లు పోసి చూడండి. ఒకటి తళతళలాడే స్టీలు గిన్నె, రెండోది మసిపట్టిన గిన్నె. రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. అయినా తాకకుండా పక్కన అరచెయ్యి పెడితే మసి గిన్నె సెగే ఎక్కువగా తెలుస్తుంది. మెరిసే ఉపరితలం తన మీద పడినదాన్ని తిప్పికొట్టడంలో దిట్ట, తనలోని వేడిని కిరణాలుగా వదలడంలో పిసినారి. మైక్రోవేవ్‌ల వరకు ఉప్పునీటి సముద్రం స్టీలు గిన్నె, మంచు మసి గిన్నె. నీరు తాను వదలగలిగినదాంట్లో సగమో, అంతకంటే తక్కువో వదులుతుంది. మంచు పదింట తొమ్మిది వంతుల దాకా వదిలేస్తుంది. అందుకే ఉపగ్రహం పంపిన పటంలో నీరు చల్లగా చీకటిగా, మంచు వేడిగా వెలుతురుగా కనిపిస్తాయి.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. నీటి నుంచి వచ్చే తరంగాల్లో నిలువుగా ఊగేవి బలంగా, అడ్డంగా ఊగేవి బలహీనంగా ఉంటాయి. మంచు నుంచి వచ్చేవాటిలో ఆ రెండింటి మధ్య తేడా చాలా తక్కువ. కాబట్టి రెండింటినీ విడివిడిగా కొలిచి నిష్పత్తి తీస్తే, చలి కాస్త పెరిగినా తగ్గినా లెక్క పెద్దగా చెడదు. ఇప్పుడు వాడుకలో ఉన్న లెక్కింపు పద్ధతులు చాలావరకు ఈ పునాది మీదే నిలబడ్డాయి.

1972 డిసెంబరులో నాసా ప్రయోగించిన నింబస్-5 ఈ పనికి శ్రీకారం చుట్టింది. అంటార్కిటికా పక్కన వెడ్డెల్ సముద్రంలో, నిండు చలికాలంలో, మంచు మధ్య లక్షల చదరపు కిలోమీటర్ల నీటి మడుగు తెరుచుకుని ఉందని కనిపెట్టింది ఆ సెన్సరే. 1974 నుంచి వరసగా మూడు చలికాలాలు అది అలాగే ఉంది. అంత పెద్ద మడుగు అంతకుముందు ఉండేదా లేదా అని చెప్పగలిగే సాధనమే అప్పటిదాకా లేదు. 1978 అక్టోబరులో నింబస్-7 వెళ్లింది. తెగకుండా సాగుతున్న రికార్డు దానితో మొదలైంది. “ఉపగ్రహ యుగంలో అతి తక్కువ” అని వార్తల్లో చదివే మాటకు అర్థం ఆనాటి నుంచి అన్నమాట.

గడి నిండిందా, లేదా?

సెన్సరు పంపేది మంచు పటం కాదు, కిరణాల తీవ్రత. దాన్ని పటంగా మార్చడానికి ధ్రువ ప్రాంతాన్ని 25 కిలోమీటర్ల చదరపు గడులుగా విడదీస్తారు. ఒక్కో గడి 625 చదరపు కిలోమీటర్లు. ఏ గడిలో ఎంత శాతం మంచు ఉందో అంచనా కడతారు. 15 శాతమో, ఆపైనో ఉంటే ఆ గడిని మంచు గడిగా లెక్కిస్తారు. లేకపోతే నీటి గడి. మంచు గడులన్నిటి విస్తీర్ణాన్నీ కూడితే వచ్చేదే పేపర్లో మనం చూసే అంకె.

పదిహేను శాతమే ఎందుకు? అంతకంటే పలచగా ఉన్నచోట, గాలికి అలలు రేగిన నీటినీ, చెల్లాచెదురైన మంచు ముక్కలనూ సెన్సరు నమ్మకంగా వేరు చేయలేదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు. ఆ గీత అన్ని సంవత్సరాలకూ ఒకేచోట ఉండటమే ముఖ్యం.

--- విస్తృతి వేరు, వైశాల్యం వేరు ---
పది గడులున్నాయి, ఒక్కోదాంట్లో సగం మంచు, సగం నీరు ఉన్నాయనుకుందాం. పదీ మంచు గడులే కాబట్టి “విస్తృతి” 6,250 చదరపు కిలోమీటర్లు. నిజంగా మంచు కప్పిన “వైశాల్యం” మాత్రం 3,125. ఇప్పుడు గాలి వీచి ఆ మంచునంతా ఐదు గడుల్లోకి నెట్టేసింది. వైశాల్యం అదే 3,125. విస్తృతి మాత్రం 6,250 నుంచి 3,125కి పడిపోయింది. ఒక్క ముక్క కూడా కరగలేదు!
అయితే నేరుగా వైశాల్యాన్నే వార్తల్లో చెప్పొచ్చు కదా? వేసవిలో మంచు మీద కరిగిన నీళ్లు గుంటలు కట్టి నిలుస్తాయి. ఆ గుంటలు సెన్సరు కంటికి సముద్రంలాగే ఉంటాయి. దాంతో వైశాల్యం ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. గడిలో 15 శాతం దాటిందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం గుంటల వల్ల జవాబు మారేది అరుదు. అందుకే మొరటుదైనా విస్తృతికే ఎక్కువ విలువ.
---

ఇక్కడే ఇంకో గమ్మత్తు. ఈ ఉపగ్రహాలు సరిగ్గా ధ్రువం మీదుగా వెళ్లవు. వాటి కక్ష్యలు కాస్త ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ధ్రువం చుట్టూ కనిపించని ఒక గుండ్రటి ఖాళీ మిగిలిపోతుంది. నింబస్-7 కాలంలో ఆ ఖాళీ వ్యాసార్ధం 611 కిలోమీటర్లు. 1987 తర్వాతి సెన్సర్లకు 311, ఆ తర్వాతి తరానికి 94. విస్తృతి లెక్కలో ఆ ఖాళీ అంతా మంచే అనుకుంటారు. ఇప్పటిదాకా ఆ అనుకోలుకు ఇబ్బంది రాలేదు.

సెన్సర్లు మారితే లెక్క మారదా?

ఉపగ్రహం ఎన్నాళ్లని పనిచేస్తుంది? 1978 నుంచి ఇప్పటిదాకా ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో సెన్సర్లు మారాయి. కొత్తది పాతదానిలాగే చూస్తుందన్న హామీ ఏమీ లేదు. అందుకే రెండింటినీ కొన్నాళ్లు పక్కపక్కన నడిపి, ఒకే రోజున ఒకే మంచును రెండూ ఎలా చూశాయో పోల్చి, తేడా సరిదిద్దుతారు. 1987లో నింబస్-7 నుంచి అమెరికా రక్షణ శాఖ వాతావరణ ఉపగ్రహాలకు మారినప్పుడు అలా కలిసి నడిచింది ఆరు వారాలే, అదీ వేసవిలో. శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఈ అతుకు గురించి కాస్త చింతిస్తూనే ఉంటారు.

ఆ చింతకు కారణాలున్నాయి. 2009 జనవరిలో ఒక సెన్సరు మెల్లగా దారి తప్పడం మొదలెట్టింది. ఫిబ్రవరి మధ్యకల్లా అది ఆర్కిటిక్ మంచును ఉన్నదానికన్నా 5 లక్షల చదరపు కిలోమీటర్లు తక్కువగా చూపించింది. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే వచ్చే విస్తీర్ణానికి అది దాదాపు రెట్టింపు. అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న నేషనల్ స్నో అండ్ ఐస్ డేటా సెంటర్ సంగతి గ్రహించి, ఆ విషయాన్ని బహిరంగంగా చెప్పి, వేరే ఉపగ్రహానికి మారింది. 2016 ఏప్రిల్‌లో మరో ఉపగ్రహం సౌర పలక కోణం మారి, ఒక చానల్ సంకేతం చెడింది. మళ్లీ అదే కథ. 2014లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం మరో పాత లోపాన్ని బయటపెట్టింది. 1991 డిసెంబరులో సెన్సరు మారినచోట లెక్కలో ఒక చిన్న మెట్టు పడిందని, అంటార్కిటికాలో మంచు పెరుగుతోందన్న అంచనాలో కొంత ఆ మెట్టు వల్ల వచ్చిందేనని చూపింది.

ఇలాంటివి విన్నప్పుడు కొందరికి మొత్తం లెక్క మీదే అనుమానం వస్తుంది. నాకు మాత్రం దీనికి వ్యతిరేకంగానే అనిపిస్తుంది. తప్పులు దొరుకుతున్నాయంటే వెతికే వాళ్లున్నారని అర్థం. పైగా కొలబద్ద ఒక అంగుళం పొట్టిదే అయినా, ఏటా అదే కొలబద్దతో కొలిస్తే తరుగు ఎంతో తెలిసిపోతుంది. ఒక్క రోజు అంకెలో లక్షల చదరపు కిలోమీటర్ల తేడా ఉండొచ్చు. నలభై ఏడేళ్ల వాలు మాత్రం ఆ తేడాల కంటే ఎన్నో రెట్లు పెద్దది. సెప్టెంబరు మంచు దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతోంది. అమెరికా, యూరప్, జపాన్ కేంద్రాలు వేర్వేరు పద్ధతుల్లో చేసిన లెక్కల్లో అంకెలు వేరైనా వాలు ఒకటే.

2025 వేసవిలో సమస్య సాంకేతికం నుంచి పాలనాపరమైనదిగా మారింది. ఆ పాత ఉపగ్రహాల డేటా పంపడం ఆపేస్తామని అమెరికా రక్షణ శాఖ ప్రకటించి, తర్వాత గడువు పొడిగించింది. బౌల్డర్ కేంద్రం జపాన్ ఉపగ్రహం మీదున్న ఆమ్‌సర్-2 సెన్సరుకు మారింది. ఆ కుటుంబంలో తర్వాతిదైన ఆమ్‌సర్-3ని జపాన్ 2025 జూన్ చివర్లో కక్ష్యలోకి పంపింది.

పైనుంచి చూస్తే లోతు తెలియదు

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా విస్తీర్ణపు లెక్క. మందం సంగతి? అరమీటరు మందం మంచు, నాలుగు మీటర్ల మంచు, రెండూ మైక్రోవేవ్ పటంలో దాదాపు ఒకేలా వెలుగుతాయి. కానీ ఎండకు మొదటిది జూలైలో మాయమైతే రెండోది సెప్టెంబరు దాటి నిలుస్తుంది.

మందం కథ జలాంతర్గాముల నుంచి మొదలవుతుంది. 1958 ఆగస్టు 3న అమెరికా అణు జలాంతర్గామి నాటిలస్ మంచు కిందుగా వెళ్లి ఉత్తర ధ్రువం దాటింది. నెత్తిన మంచు గుద్దుకోకుండా ఉండేందుకు అది పైకి సోనార్ ధ్వని పంపి, మంచు అడుగు ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ సాగింది. ప్రచ్ఛన్న యుద్ధం నాటి ఆ యాత్రల్లో పోగైన రహస్య కొలతలు చాలా ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తల చేతికి వచ్చాయి. 1999లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డ్రూ రోత్రాక్ బృందం వాటిని పోల్చింది. 1958–76 మధ్య నీటిలో మునిగిన మంచు సగటు లోతు 3.1 మీటర్లు. 1990ల్లో అదే చోట్ల 1.8 మీటర్లు. దాదాపు నలభై శాతం తరుగు!

దీని మీద పెద్ద వాదమే నడిచింది. జలాంతర్గాములు వెళ్లిన చోట్ల మంచు పలచబడితే పడి ఉండొచ్చు, గాలి దాన్ని అవి వెళ్లని కెనడా తీరం వైపు పోగు చేసి ఉండొచ్చు కదా అని 2002లో ఒక పత్రం అడిగింది. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే సముద్రమంతా కొలిచే సాధనం కావాలి.

అందుకు నాసా 2003లో ఐస్‌శాట్‌ను, 2018 సెప్టెంబరులో ఐస్‌శాట్-2ను పంపింది. రెండూ లేజర్‌తో కొలిచేవి. రెండోది సెకనుకు పదివేల పచ్చ కాంతి స్పందనలు పంపుతుంది. యూరప్ అంతరిక్ష సంస్థ తన మొదటి క్రయోశాట్‌ను 2005 అక్టోబరులో ప్రయోగంలోనే పోగొట్టుకుని, అదే నమూనాతో మరోటి (క్రయోశాట్-2) తయారుచేసి 2010 ఏప్రిల్‌లో రాడార్‌తో పంపింది. అన్నిటి సూత్రం ఒకటే. మంచు పలక పైభాగం ఎంత ఎత్తులో ఉందో, పక్కనే పగుల్లో కనిపించే నీరు ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. తేడా ఎంతో చూడాలి. తేలే మంచులో పదో వంతు మాత్రమే నీటి పైన ఉంటుంది కాబట్టి ఆ తేడాను సుమారు పదితో హెచ్చవేస్తే మందం వస్తుంది.

వినడానికి సులువే. ఏడు వందల కిలోమీటర్ల పైనుంచి ఇరవై సెంటీమీటర్ల ఎత్తు కొలవాలి. అందులో మూడు సెంటీమీటర్ల పొరపాటు జరిగితే మందంలో ముప్పై సెంటీమీటర్ల తేడా వస్తుంది. హెచ్చవేత పొరపాటును కూడా హెచ్చవేస్తుంది.

అంతకంటే మొండి సమస్య పైన కురిసిన పొడిమంచు. దాని బరువుకు పలక కాస్త కిందికి దిగుతుంది. లేజర్ పొడిమంచు పైభాగం దగ్గరే తిరిగి వస్తుంది. క్రయోశాట్ రాడార్ పొడిమంచును దాటి గట్టి మంచు దాకా వెళ్తుందని అనుకుంటారు. పొడిమంచు ఎంత మందంగా ఉందో తెలియకపోతే రెండు లెక్కలూ తేలవు. చాలాకాలం దీనికి ఆధారం, 1954 నుంచి 1991 దాకా సోవియట్ శాస్త్రవేత్తలు తేలే మంచు మీద శిబిరాలు వేసుకుని కొలబద్ద గుచ్చి రాసుకున్న సగటులే. ఆ కొలతలు గట్టి పాత మంచు మీదివి. ఇప్పుడు అక్కడ ఉన్నది ఎక్కువగా ఒక్క చలికాలం వయసున్న మంచు. దాని మీద పొడిమంచు తక్కువ పేరుకుంటుంది, కాబట్టి పాత సగటును సగం చేసి వాడటం మొదలుపెట్టారు.

ఈ ముడి విప్పడంలో శ్రీహరికోటకూ ఒక పాత్ర ఉంది. 2013 ఫిబ్రవరి 25న పీఎస్‌ఎల్‌వీ-సీ20 మీద భారత్, ఫ్రాన్స్ కలిసి ప్రయోగించిన సరళ్ ఉపగ్రహంలో ఆల్టికా అనే రాడార్ ఉంది. దాని తరంగం పొడవు క్రయోశాట్ తరంగంలో సగం కంటే తక్కువ, సుమారు 8 మిల్లీమీటర్లు. అది పొడిమంచులోకి అంత లోతుగా దిగదు. ఒకే మంచును రెండు ఉపగ్రహాలూ చూసినప్పుడు వచ్చే ఎత్తుల తేడాను బట్టి మధ్యనున్న పొడిమంచు మందాన్ని అంచనా వేయొచ్చని పరిశోధకులు చూపారు. సముద్ర మట్టాన్ని కొలవడానికి వెళ్లిన ఉపగ్రహం మంచుకూ పనికొచ్చింది. అయితే దాని కక్ష్య 81.5 డిగ్రీల అక్షాంశం దాకానే చేరుతుంది, ధ్రువం దగ్గరి మంచు దానికి అందదు. 2019 అక్టోబరులో జర్మనీ నౌక పోలార్‌స్టెర్న్‌ను కావాలనే మంచులో ఇరికించి ఏడాదిపాటు తేలనిచ్చినప్పుడు, ఇలాంటి రెండు రాడార్లనూ మంచు మీదే నిలబెట్టి పరీక్షించారు. రాడార్ ప్రతిసారీ గట్టి మంచు దాకా వెళ్తుందన్న నమ్మకం కాస్త సడలింది.

ఇన్ని చిక్కులున్నా జలాంతర్గాముల కొలతలూ, లేజర్ కొలతలూ అతికించి చూస్తే చిత్రం తేటగానే ఉంది. 1980 చలికాలంలో మధ్య ఆర్కిటిక్ మంచు సగటు మందం 3.6 మీటర్లు, 2008 నాటికి 1.9 మీటర్లు. 2002 నాటి ప్రశ్నకు అదే జవాబు. గాలి ఎటో దాచిపెట్టినదేమీ లేదు.

2012 తర్వాత ఆగిపోయిందా?

ఈ మధ్య తరచూ వినిపించే ప్రశ్న ఇది. 2012 సెప్టెంబరు నాటి రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. 2025 కనిష్ఠం దానికంటే 12 లక్షల చదరపు కిలోమీటర్లు ఎక్కువ. మరి కరగడం ఆగినట్టేనా?

2012 ఆగస్టులో ఒక పెద్ద తుపాను అప్పటికే పలచబడిన మంచును చితక్కొట్టింది. కాబట్టి 2012ను ఒక అసాధారణ సంవత్సరంగా చూడాలి. అంతమాత్రాన ప్రశ్నను కొట్టిపారేయలేం. గత ఇరవై ఏళ్లుగా సెప్టెంబరు తరుగు నిజంగానే నెమ్మదించింది. వాతావరణ నమూనాల్లో కూడా, భూమి వేడెక్కుతున్నా ఇలాంటి విరామాలు అప్పుడప్పుడు కనిపిస్తాయని 2025లో ఒక అధ్యయనం తేల్చింది. ఒక కారణం మంచులోనే ఉంది. మందపాటి మంచు కింద సముద్రపు వేడి చిక్కుకుపోతుంది, పలచని మంచులోంచి త్వరగా పైకి పోతుంది. అందుకే పలచని మంచు చలికాలంలో వేగంగా మందమవుతుంది. పోగొట్టుకున్నదాంట్లో కొంత ఇలా తిరిగొస్తుంది.

తిరిగిరానిది పాత మంచు. 1980ల మధ్యలో మార్చి నెల ఆర్కిటిక్ మంచులో దాదాపు మూడో వంతు నాలుగేళ్లు దాటినది. ఇప్పుడు అది నూటికి ఐదు కూడా లేదు. చలికాలపు గరిష్ఠం కూడా జారుతూనే ఉంది. 2025 మార్చి 22న 1.43 కోట్ల చదరపు కిలోమీటర్ల దగ్గర ఆగింది, అప్పటిదాకా ఉపగ్రహ రికార్డులోనే అతి తక్కువ. సెప్టెంబరు అంకెనే పట్టుకుని కూర్చుంటే ఇవి కనిపించవు.

సముద్రపు మంచు తరగడం వల్ల విశాఖ బీచ్ మునుగుతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. దీనివల్ల కాదు. తేలే మంచు ఇప్పటికే నీటిలో తన చోటు ఆక్రమించింది, కరిగినా మట్టం పెరిగేది నామమాత్రం. మట్టం పెంచేది గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేల మీది మంచు. సముద్రపు మంచు పోతే పోయేది అద్దం. పొడిమంచు కప్పుకున్న పలక ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది, నల్లటి నీరు 90 శాతానికి పైగా మింగేస్తుంది. డిర్క్ నోట్జ్, జూలియెన్ స్ట్రోవ్ 2016లో వేసిన లెక్క ప్రకారం ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సెప్టెంబరు మంచు సుమారు 3 చదరపు మీటర్లు తరుగుతుంది. సగటు భారతీయుడి వాటా ఏడాదికి సుమారు రెండు టన్నులు. అంటే ఆరు చదరపు మీటర్లు.

దక్షిణాన వేరే కథ

అంటార్కిటికా చుట్టూ మంచు ఎన్నో ఏళ్లు తగ్గకపోగా కాస్త పెరిగింది. 2014 సెప్టెంబరులో 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. 2016 చివర ఉన్నట్టుండి కూలింది. 2023 ఫిబ్రవరిలో 18 లక్షల కంటే కిందికి పడింది. అదే ఏడాది చలికాలపు గరిష్ఠం 1.70 కోట్లకు కూడా చేరలేదు. అంతకుముందు 1986లో నమోదైన అతి తక్కువ గరిష్ఠం కంటే అది 10 లక్షల చదరపు కిలోమీటర్లు తక్కువ.

ఇది కొత్త ధోరణా, పాత ఊగిసలాటా అని తేల్చడానికి నలభై ఏడేళ్ల రికార్డు చాలదు. అందుకే బౌల్డర్ బృందం పాత ఫిల్ము చుట్టల వెంటపడింది. 1964 ఆగస్టు చివర ప్రయోగించిన నింబస్-1 నెల రోజులే బతికింది. ఆ నెలలో అది తీసిన చిత్రాలు దశాబ్దాలు డబ్బాల్లో పడి ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి, మబ్బుల సందుల్లోంచి మంచు అంచును వెతికి, 1964 సెప్టెంబరులో అంటార్కిటికా మంచు సుమారు 1.97 కోట్ల చదరపు కిలోమీటర్లని తేల్చారు. 1966 చిత్రాల్లో అది చాలా తక్కువగా ఉంది. అంటే దక్షిణపు మంచు వెనకటి రోజుల్లోనూ ఏడాదికీ ఏడాదికీ గట్టిగానే ఊగేది.

మందం విషయంలో అంటార్కిటికా ఇంకా కష్టం. అక్కడ పొడిమంచు ఎంత భారీగా పేరుకుంటుందంటే, చాలాచోట్ల గట్టి మంచు పైభాగాన్ని నీటి మట్టం కిందికి నొక్కేస్తుంది. సముద్రపు నీరు ఎక్కి పొడిమంచును తడిపేస్తుంది. తడిసిన పొడిమంచులో రాడార్ ముందుకు వెళ్లదు. క్రయోశాట్, సరళ్ వేర్వేరుగా చేసిన పనిని ఒకే ఉపగ్రహం మీద రెండు రాడార్లు పెట్టి చేయించాలని యూరప్ సిద్ధం చేస్తున్నది క్రిస్టల్ యాత్ర. అది వెళ్లేదాకా మందం లెక్కల భారం ఐస్‌శాట్-2 మీద, మూడున్నరేళ్లు పనిచేస్తే చాలనుకుని పంపిన, పదిహేనేళ్లు దాటినా తిరుగుతున్న క్రయోశాట్-2 మీదే ఉంది.